నేను చేయని చప్పుడు

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. వీడియో గేములకు చప్పుళ్ళు తయారుచేయడం నా పని. భయం ఎలా పుట్టిస్తారో తెలిసినదాన్ని. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

రెండేళ్ళ కిందట బెంగళూరులో ఒక కంపెనీ, ఉద్యోగం ఇచ్చేముందు, నాకో పరీక్ష పెట్టింది. గేములో ఒక రాక్షసి శవాన్ని తింటుంది. ఆ చప్పుళ్ళు చేసి పంపాలి. అప్పటికి ఏడాదిగా పని లేక ఆ ఊళ్ళోనే, యలహంకలో మేనత్త ఇంట్లో ఉంటున్నాను. ఇది కూడా పోతే అనంతపురం వెళ్ళి నాన్న నూనె అంగట్లో కూర్చోవాల్సిందే.

పొద్దున్నే అరకిలో మేక బోటి తెచ్చాను. బోటి కూర నాకిష్టమే, కానీ కడగని బోటి వేరు. బయటి చప్పుడు పడకుండా గది కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, మైకు ముందు పళ్ళెం పెట్టి పిసికాను, చింపాను. వేళ్ళ సందుల్లో జిగట, పేడ కంపు. డోకు ఆపుకోలేక, రికార్డరు ఆపకుండానే బయటికొచ్చి గొళ్ళెం పెట్టి, చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి బోటి అలాగే ఉంది.

మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గొళ్ళెం పడిన చప్పుడు తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో తింటున్నారు. మైకుకు బాగా దగ్గరగా, తడినోటితో చప్పరిస్తూ. వేళ్ళు నాకడం. పళ్ళ సందున ఇరుక్కున్నదాన్ని నాలుకతో పీకడం. గుటక. ఆ ఎంగిలి నా చెవిలో పడినట్టయి, పరుగెత్తి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

అత్తకు వినిపించాను. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"ఎవురో గాని పాపా, శానా దినాలుగా కూడు లేనట్లుండాది. నువ్వేల అట్ల మొగం పెడ్తావు?" అంది.

నేను చేసిన చప్పుళ్ళేవీ దాని ముందు నిలవలేదు. దాన్నే కత్తిరించి పంపాను. ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఈ పని బాగా తెలిసినవాళ్ళకు ఆ రికార్డరు చూపించాను. అందులో పాత రికార్డింగు ఏదీ కలవలేదన్నారు. గదిలోకి పిల్లి దూరే సందు కూడా లేదు. అది ఎవరిదో ఈరోజుకీ నాకు తెలియదు.

చేరిన మొదటిరోజే మా పైఆఫీసరు అందరి ముందు అడిగాడు, "ఆ గుటక సూపర్ అమ్మా, ఎట్ల చేసినావు?" అని.

"నా నోటితోనే సార్," అన్నాను.

ఆ మాట అన్నాక, నా గుటక నాకే వినబడుతుంటే, ఆ రోజు డబ్బాలోని అన్నం ఒక్క ముద్ద కూడా దిగలేదు.