రెండు మూరల తీగ

నా ఎడమ బొటనవేలి మీద ఇప్పటికీ ఒక కాయ ఉంది. కోరుట్లలో ఏళ్ల తరబడి బీడీలు చుట్టినందుకు మిగిలింది అదే. ఆ వేళ్లతోనే తర్వాత సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టడం నేర్చుకున్నాను. ఆకులో తంబాకు పోసి చుట్టి కొస మడిచిన చేతికి ఆవగింజంత చిప్పును కదలకుండా పట్టుకోవడం కష్టమేమీ కాదు. సిరిసిల్లలో నన్ను పనిలో పెట్టుకున్న దుకాణం సేటుకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసే సగం జీతానికి పెట్టుకున్నాడు. ముందే చెబుతున్నాను, ఇది కోపం చల్లారిన మనిషి రాస్తున్నది కాదు.

సేటు అమ్మేది డ్రైవ్‌లు. మర మగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. ఆ సాంచాల మోటార్లను కావలసిన వేగంతో తిప్పే పెట్టె పేరే డ్రైవ్. పాత రకం డ్రైవ్ పని చేస్తుంటే విపరీతంగా వేడెక్కుతుంది. అందుకని లోపల ఒక ఫ్యాన్ పెడతారు. సాంచాల షెడ్డులో గాలికంటే నూలు దుమ్మే ఎక్కువ. ఫ్యాన్ ఆ దుమ్మును లోపలికి లాగి లాగి, చివరికి పెట్టెలో పరుపు పరిచినట్టు చేస్తుంది. ఆపైన కాలిపోవడమే.

ఒక ఎండాకాలం ఒకే షెడ్డులో మూడు డ్రైవ్‌లు కాలాయి. సాంచాలు నడుపుకునే ఆసాములు పదిమంది దుకాణం మీదికి వచ్చారు. సేటు కుర్చీలోంచి లేవకుండా నావైపు చెయ్యి చూపించాడు.

“బీడీలు చుట్టుకునేదానికి బోర్డు ముట్టనిస్తే గిట్లనే అయితది,” అన్నాడు.

వాళ్లలో ఒక ముసలి ఆసామి కాలిన పెట్టె మూత తీశాడు. లోపలి నుంచి గుప్పెడు దుమ్ము పీకి బల్ల మీద పెట్టాడు. “గిది జూడు సేటు. గీ బిడ్డ తప్పేమున్నది గిండ్ల?” అన్నాడు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. సేటుకు మాత్రం నిజం తెలుసు, నా కళ్లలోకి చూడలేదు. నా టంకం కర్ర తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ వారమే కొండగట్టుకు పోయి, ఆ దుకాణం షట్టర్ దిగితే కొబ్బరికాయ కొడతానని అంజన్నకు మొక్కుకున్నాను. దేవుడిని అలాంటివి అడగకూడదని మా అమ్మ తిట్టింది. తిట్టనీ.

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనికి కుదిరాను. గాలియం నైట్రైడ్ చిప్పును మొదటిసారి అక్కడే చూశాను. డ్రైవ్ లోపల కరెంటును క్షణక్షణం తెరిచి మూసే చిప్పులు ఉంటాయి. పాతవి సిలికాన్‌వి. అవి తెరుచుకుని మూసుకునే లోపే కొంత కరెంటు వేడిగా మారి వృథా అవుతుంది. గాలియం నైట్రైడ్ చిప్పు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా తెరిచి మూస్తుంది, వృథా చాలా తక్కువ. వేడి తగ్గితే ఫ్యాన్ అక్కరలేదు. ఫ్యాన్ లేకపోతే పెట్టెకు రంధ్రమే అక్కరలేదు. ఇది అర్థమైన రోజు నాకు చదువు తలకెక్కిన సంతోషం కాదు కలిగింది. సేటు ముఖం గుర్తొచ్చింది.

కోరుట్లలో ఒక గది తీసుకుని, నాలుగు దిక్కులా మూసేసిన చిన్న డ్రైవ్‌లు తయారుచేశాను. మొదటిది ఆ ముసలి ఆసామికే ఇచ్చాను. మోటారు పక్కనే, సాంచా కాలికే బిగించాను. ఆయన నడుస్తున్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు.

“గిది నడుస్తనే ఉన్నదా బిడ్డ? గోరువెచ్చగనే ఉన్నది,” అన్నాడు.

ఎండాకాలం దాటింది, పెట్టె కాలలేదు. మాట సిరిసిల్లంతా పాకింది, జగిత్యాల బియ్యం మిల్లుల దాకా పోయింది. సేటు బేరాలు ఒక్కొక్కటే నా గది మెట్లెక్కాయి. సిరిసిల్ల పోయినప్పుడల్లా పని లేకపోయినా అతని దుకాణం ముందు నుంచి నడిచేదాన్ని. కడుపు నిండినట్టుండేది.

చివరికి సేటే వచ్చాడు. “నాలుగు డబ్బాలియ్యి. నా దుకాణంల పెడత,” అన్నాడు. ఇచ్చాను.

ఆ చిప్పుకు ఒక గుణం ఉంది. అంత వేగంగా తెరిచి మూసేసరికి ప్రతిసారీ తీగలో ఒక దెబ్బ పుడుతుంది. తీగ పొట్టిగా ఉంటే ఏమీ కాదు. పొడుగైతే ఆ దెబ్బ అవతలి కొస చేరేసరికి పెరిగి, మోటారు లోపలి రాగితీగ చుట్టను కొడుతుంది. చుట్ట మార్చి వాడుతున్న పాత మోటార్లు దానికి తట్టుకోలేవు. సిరిసిల్లలో మాత్రం దుమ్ముకు భయపడి డ్రైవ్‌ను దూరంగా గోడకు ఎక్కించి, అక్కడి నుంచి తీగ లాగడం అలవాటు. సేటు ఈ నాలుగింటినీ అలాగే పెడతాడు. అది నాకు తెలుసు.

“ఇంక జెప్పేదేమన్న ఉన్నదా?” అని అడిగాడు.

“మీకు తెల్వనిదేమున్నది సేటు,” అన్నాను.

అతను నలుగురిలో తిట్లు తినే రోజు కోసం ఎదురుచూశాను. ఫోన్ వచ్చింది. చేసింది ముసలి ఆసామి.

నేను వెళ్లేసరికి ఆయన షెడ్డంతా మాడిన వార్నిష్ వాసన. రెండు మోటార్లు పోయాయి, బడి పిల్లల యూనిఫాం గుడ్డ సగంలో ఆగింది. పెట్టెలు నేను చేసినవే, గోడకు చక్కగా వేలాడుతున్నాయి.

“నీ డబ్బా అని జూసే తీసుకున్న బిడ్డ. సేటు తాన కొన్నా నీకే గదా అక్కరకొచ్చేది అనుకున్న,” అన్నాడు ఆసామి.

సేటు కూడా అక్కడే ఉన్నాడు. “నేనప్పుడే చెప్పిన గదా, బీడీలు చుట్టుకునేదానికి...” అని మొదలుపెట్టాడు. బిగించడం రాక కాల్చావని నేను ఒక్క మాట అంటే చాలు, అక్కడున్న ఆసాములంతా నన్నే నమ్మేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముసలాయన నన్నే చూస్తున్నాడు.

“తీగ రెండు మూరలు దాటొద్దు కాకా,” అన్నాను. “సేటు కొనుక్కపోయిన నాడే నాకెరుక. కావాల్ననే చెప్పలే.”

సేటు గట్టిగా నవ్వాడు. “ఇన్నరా అందరు?” అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అతని మీద కోపమూ అలాగే ఉంది. ముసలాయన మాత్రం తీగ కోయడానికి కటింగ్ ప్లేయర్ తెచ్చి నా చేతికిచ్చాడు.

మోటార్లకు నేనే చుట్టలు మార్పించాను, గుడ్డ ఆలస్యంగానైనా వెళ్లింది. ఆసామి ఇప్పటికీ నా దగ్గరే కొంటాడు, చాయ్ తాగనిదే పంపడు. కానీ కొత్త పెట్టె బిగించిన ప్రతిసారీ, “ఇంక జెప్పేదేమన్న ఉన్నదా బిడ్డ?” అని అడుగుతాడు. అన్నీ చెప్పేశాను కాకా అంటాను. ఆయన ఇంకోసారి అడుగుతాడు.