మందు పూయని ఇరవై ఎనిమిది రోజులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నేను లెక్కల మనిషిని, కాబట్టి ముందు పోయినవన్నీ చెబుతాను. నాలుగేళ్ళ కాలం పోయింది. ఒంట్లో పదకొండు కిలోల బరువు పోయింది. పాడిగేదె పోయింది, రెండు తునికాకు సీజన్ల పని పోయింది. మా ఇంట్లో మంచినీళ్ళు తాగే చుట్టాలు ఏడిళ్ళవాళ్ళు ఉంటే ఆరిళ్ళవాళ్ళు రావడం మానేశారు, ఎందుకంటే నాకు వచ్చింది కుష్ఠు అని దమ్మపేట నుంచి సత్తుపల్లి దాకా పుకారు పాకింది!

నేను చదివింది ఐదో తరగతి. అడవిలోంచి ఆడవాళ్ళు బీడీల కోసం తెచ్చే తునికాకు కట్టలను కల్లంలో లెక్కపెట్టి రాసే పనిలో ఉండి లెక్కలు నేర్చుకున్నాను. అందుకే నడుము మీద మొదటి ఎర్రమచ్చ కనబడ్డప్పుడు దాన్ని కూడా నోటుబుక్కులో రాశాను. ఏడాదికి తొమ్మిదయ్యాయి, మూడేళ్ళకు ముప్పై ఒకటి. మొహం మీద, చేతుల మీద ఒక్కటీ లేదు, అన్నీ బట్టల కిందే. మా ఊరి ఆర్‌ఎంపీ తామర అని ఒక ట్యూబు ఇచ్చాడు. పూస్తే పలచబడేవి, మానితే ఇంకా ఎర్రగా లేచేవి.

చివరికి హైదరాబాదు పెద్దాసుపత్రికి పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఇలాంటి మొండి మచ్చల మీదే పరిశోధన చేస్తోంది. మచ్చలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. రెండుసార్లు పంపినా మామూలు దురద జబ్బేనని రిపోర్టు వచ్చింది. "వచ్చే ముందు ఏమైనా పూశారా?" అని ఆమె రెండుసార్లూ అడిగింది, నేను రెండుసార్లూ "లేదమ్మా" అన్నాను. అది అబద్ధం సహోదరులారా! బస్సెక్కే ముందు వారం రోజులపాటు పొద్దునా సాయంత్రం ఆ ట్యూబు దట్టంగా పూసుకునేవాణ్ణి. "గంత పెద్ద డాక్టరమ్మ ముంగట గిట్ల ఎట్ల నిలవడ్తవయ్యా, జర మంచిగ కనపడాలె గద" అనేది నా భార్య మార్తమ్మ. నాకూ అదే మర్యాద అనిపించేది.

రెండో రిపోర్టు వచ్చిన వారం, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సంఘమంతా నా కోసం మొరపెడుతుంటే నా నోట వేరే ప్రార్థన వచ్చింది. "ప్రభువా, బాగుచెయ్యమని నిన్ను అడుగుతున్నాను గానీ నాకేముందో చూసే మనిషికి చూపించకుండా దాచాను, ఖాళీ చేసిన ట్యూబులు పద్నాలుగు, చెప్పినవి సున్నా, నన్ను క్షమించు!"

మర్నాడు ఎస్టీడీ బూతు నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. "ఆ మందు జబ్బును చంపదు, పరీక్షకు దొరక్కుండా దాస్తుంది. ఇరవై ఎనిమిది రోజులు ఏమీ పూయకుండా రండి" అంది.

ఆ ఇరవై ఎనిమిది రోజులు ఎలా గడిచాయో దేవునికే తెలుసు! ఆరో రోజుకు మచ్చలు నిప్పుల్లా లేచాయి, పద్నాలుగో రోజుకు ముప్పై ఒకటి కాస్తా నలభై మూడయ్యాయి, ఇరవయ్యో రోజున తొడ మీది మచ్చ దళసరెక్కి గడ్డలా తేలింది, దురదకు చొక్కా వేసుకోలేను, పడుకోలేను, ఇంకా ఎన్ని లేస్తాయో, ఈలోగా జబ్బు లోపలికి పాకుతుందో ఏమో తెలియదు. మార్తమ్మే ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టి ఏడ్చింది. "పూసుకోవయ్యా, నేను సూడలేకపోతున్న." మూత తీశాను కూడా. "ప్రభువా, ఈ ఒక్క రోజు నా చెయ్యి పట్టుకో" అని అరిచాను. మూత మళ్ళీ పెట్టాను. అలా రోజుకొక్కసారి చొప్పున ఎనిమిది రోజులు అడిగాను, ఎనిమిది రోజులూ ఆయన పట్టుకున్నాడు!

మూడోసారి ముక్క తీశారు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది, అది చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్, లింఫోమా అంటారు, అంటుకునేది కాదు, గ్రంథుల్లోకి గానీ రక్తంలోకి గానీ ఇంకా పోలేదు. క్యాన్సర్ అన్న మాట విని నేను "స్తోత్రం ప్రభువా" అన్నాను! ఆమె ఆశ్చర్యపోయింది. పేరు తెలియని దానితో నాలుగేళ్ళు బతికినవాడికే ఆ స్తోత్రం అర్థమవుతుంది.

వైద్యం ఏమిటంటే, ఒక మాత్ర మింగి, రెండు గంటలాగి, ఆమె చెప్పినన్ని నిమిషాలు ఎండలో నిలబడటం, ఆ రోజంతా నల్లద్దాలు తియ్యకపోవడం. పెరట్లో తడికల చాటున లుంగీ పైకి కట్టి గడియారం చూసుకుంటూ నిలబడితే, పక్కింటి రంగయ్య తడిక మీంచి తొంగిచూసి "ఏంది బావా, షూటింగ్ మొదలైందా? హీరోయిన్ ఏది?" అనేవాడు. "లోపల అన్నం వండుతోంది" అనేవాణ్ణి. ఐదు నిమిషాలతో మొదలై, నెలనెలా ఆమె చూసి పెంచుతూ పోతే, పదమూడు నెలలకు నలభై మూడు మచ్చలూ సున్నా అయ్యాయి. దేవునికే మహిమ!

పూర్తిగా పోయిందని చెప్పు, సాక్ష్యం బలంగా ఉంటుంది అని కొందరు ప్రేమతోనే అన్నారు. నేను అలా చెప్పను. మళ్ళీ రావచ్చని డాక్టరమ్మ చెప్పింది, దేవుని సన్నిధిలో ఇంకోసారి దాచలేను. మీలో ఎవరైనా సిగ్గుపడి ఏదైనా కప్పుకుని కూర్చుంటే, ఆయన ముందుకూ, వైద్యుని ముందుకూ ఉన్నది ఉన్నట్టే రండి, ఆయన మిమ్మల్ని తోసేయడు!

ఈ మందు గుణం ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోవడానికి, ఐదేళ్ళపాటు మూడు నెలలకోసారి వచ్చి ఒళ్ళంతా చూపిస్తానని ఆమె రిజిస్టరులో సంతకం పెట్టాను. మొత్తం ఇరవై సార్లు. పదకొండు అయ్యాయి. ఇంకా తొమ్మిది బాకీ.