తోక చూసి పేరు చెప్పే డ్యూటీ

గజపతినగరంలో బస్సు దిగేసరికి పదకొండయింది. జూన్ నెల ఎండ. నా వెంట ఒక రేకు పెట్టె, ఒక చాప చుట్ట. పెట్టెలో రెండు ఖాకీ చీరలు, ఒక జత కాన్వాసు బూట్లు, నాన్న ఇచ్చిన ప్రార్థన పుస్తకం. రావలసిన జీపు రాలేదు. అటువైపు వెళ్లే గడ్డి బండి ఎక్కాను. బండివాడు దారి పొడవునా నా బూట్లే చూశాడు. మిలట్రీలో ఆడోళ్లు కూడా ఉంటారా అని చివరికి అడిగాడు. ఉంటారని చెప్పాను.

మమ్మల్ని సైనికులంటే అసలు సైనికులు నవ్వుతారు, నాకు తెలుసు. యుద్ధం అయ్యాక జిల్లాలో వలంటీర్లతో ఒక దళం కట్టారు. కవాతు నేర్పారు. జండాలతో మాట్లాడడం, దెబ్బలకు కట్టు కట్టడం నేర్పారు. అరవైల చివరి రోజులవి. ఆ దళం ఇప్పుడు లేదు. మన చర్చి సంఘంలో పిల్లలు అదేం ఉద్యోగమని అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

పోస్టు అంటే పెద్ద యుద్ధం నాడు వేసి వదిలేసిన విమానాల బాట. ఎర్ర గులకనేల, అక్కడక్కడ చీలికల్లో గడ్డి. తూర్పున చెరువు, పడమట కొండలు. ఉత్తరం కొసన ఊరివాళ్లు చచ్చిన పశువులను పడేసే దిబ్బ. రెండు గుడారాలు, వైర్‌లెస్ సెట్టు ఉండే ఒక తాటాకు పాక. బాట పక్కన ఒక మంచె. జొన్నచేలో కాపలాకు వేస్తారే, అలాంటిదే, ఇంకొంచెం ఎత్తు. ఆ మంచె నాది.

మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఒక చిన్న విమానం వచ్చేది. కొండల మీది క్యాంపులకు మందులు, టపా తెచ్చేది. నేను రాకముందు నెల ఆ విమానం దిగుతుండగా ఒక గద్ద వచ్చి ముందు అద్దానికి కొట్టుకుంది. విమానం ఎలాగో దిగింది గాని, నడిపేవాడికి ఒక కన్ను పోయింది. అప్పటి నుంచి ఆర్డరు. విమానం దిగే వేళకు బాట మీద పెద్ద పిట్ట ఉండకూడదు. ముందు కిరసనాయిలు డబ్బా వాయించాలి. తర్వాత గాల్లోకి పేల్చాలి. అప్పటికీ కదలకపోతే కాల్చాలి.

అందులో నా పని పిట్టల పేర్లు చెప్పడం. ఆ పని నాకెందుకు ఇచ్చారో మొదటిరోజే తెలిసింది.

తుపాకీ పట్టేది గరివిడి వైపు నుంచి వచ్చిన ఒకాయన. నలభై ఏళ్లుంటాయి. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను సెల్లీ అనేవాడు. నేను రాకముందు ఆయన బాట మీద ఒక గోధుమరంగు పిట్టను కాల్చాడట. దిబ్బ దగ్గర చర్మం వలుస్తున్న ముసలాయన దాన్ని ఎత్తి చూసి, ఇది గద్ద కాదు బాబూ, గరుడ పిల్ల అన్నాడట. అన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. చెరువులో మునిగి తడిబట్టలతో కూర్చున్నాడు. పిట్ట పేరు ఎవరైనా చెబితే తప్ప ఇక తుపాకీ మీట నొక్కనని మా పోస్టు సుబేదారుతో చెప్పేశాడు. గరుడ పక్షి ఎగిరితే కళ్లకద్దుకునే మనిషి. ఆయన్ను తప్పు పట్టలేను.

సుబేదారు అసలు సైన్యంలో పనిచేసి రిటైరైన వాడు. కోపం లేదు, ఓపికా లేదు. పైనుంచి ఒక పుస్తకం తెప్పించాడు. మన దేశంలో ఉన్న వేటపక్షులన్నీ అందులో ఉన్నాయి. ఇటుక బరువు. ఇంగ్లీషు. పోస్టులో ఇంగ్లీషు సాఫీగా చదివే వాళ్లు లేరు. నేను బడి గడప ఎక్కినదాన్ని కాదు. నాన్న ఊళ్లు తిరిగి దేవుని వాక్యం చెప్పేవారు. రాత్రి ఇంటికొచ్చి లాంతరు ముందు నాకు అక్షరాలు దిద్దించేవారు, ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. ఆ చదువుకు ఇన్నాళ్లకు ఒక పని దొరికిందని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

పుస్తకం, ఒక దుర్భిణి, ఎర్ర జండా, పచ్చ జండా. ఇవి నా సామాను. వేకువనే మంచె ఎక్కేదాన్ని.

పుస్తకంతో పక్షులను చూడడం మొదట్లో నాకు చేతకాలేదు. రంగులు చూసేదాన్ని. ఆకాశంలో పిట్టకు రంగుండదు, నల్లగా ఒక ఆకారం ఉంటుందంతే. ఆ పుస్తకం రాసినాయన అదే చెప్పాడు. ముందు రెక్క చూడు, తర్వాత తోక చూడు, రంగు ఆఖరున చూడు. రాబందు రెక్క తలుపు చెక్కలా వెడల్పు, కొసన వేళ్లలా ఈకలు, తోక పొట్టి. నేల వేడెక్కాక గాని అది లేవదు. డేగ రెక్కలు పొట్టి, గబగబా నాలుగుసార్లు కొట్టి జారిపోతుంది. గద్ద తోక పొడుగు, కొసన చీలిక. దాన్ని చుక్కానిలా తిప్పుతుంది. గరుడ పక్షి తల తెలుపు, ఒళ్లు ఎరుపు, చిన్నపిల్ల కూడా చెప్పగలదు. చిక్కంతా దాని పిల్లతోనే. మొదటి ఏడాది అది అచ్చం గద్దలా మట్టిరంగులో ఉంటుంది. తోక కొస ఒక్కటే తేడా. గద్దకు చీలిక, గరుడ పిల్లకు గుండ్రం.

ఇది అన్నకు చదివి వినిపించాను. తర్వాత రోజూ మంచె కిందికొచ్చి నిలబడేవాడు. నేను పైనుంచి పేరు చెప్పేదాన్ని. ఆయన తల ఎత్తి తోక ఎలా ఉందో చెప్పేవాడు. దుర్భిణి లేకుండానే చాలాసార్లు సరిగ్గా చెప్పేవాడు. వైర్‌లెస్ కుర్రాడు పాకలోంచి ఎగతాళి చేసేవాడు.

"మావా, రేపొద్దున కాకిని సూసినా దండమెట్టీలాగున్నావు."

"నీ మొకం సూసి ఎట్టమంటావేటి?" అనేవాడు అన్న, తల దించకుండానే.

ఒకసారి నేనే ఆయన్ను అడిగాను. నేను చదివి చెప్పిన మాట మీద ఇంత నమ్మకం ఏమిటని. ఆయన తుపాకీ గొట్టం తుడుస్తున్నాడు.

"గరుడ పక్షి నీ దేవుడిది కాదు గదా సెల్లీ. కాపాడాలని నీకేటుంది? మావోడైతే పాపమని ప్రతిదాన్నీ గరుడ పిల్ల అనీగలడు. నువ్వు అనవు."

నాకు ఆ మాట సంతోషాన్నివ్వలేదు. బరువుగా అనిపించింది. అది నా దేవుడి వాహనం కాదు, నిజమే. నా దేవుడు చేసిన పక్షి మాత్రం అవును. కాని ఆయనతో అనలేదు. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. అక్కడున్నన్నాళ్లూ సరిగ్గా పట్టింది లేదనుకోండి. కళ్లు మూస్తే రెక్కలు తిరిగేవి. మెలకువలో ఆకాశం మీదినుంచి చూపు దించుకోలేకపోయేదాన్ని. అన్నం తింటూ కూడా పైకే చూసేదాన్ని.

జూలైలో ఒక గురువారం రాత్రి గట్టి వాన పడింది. శుక్రవారం తెల్లారేసరికి బాట చీలికల్లోంచి ఉసుళ్లు లేచాయి. పొగలాగా లేచాయి. అరగంటలో బాట నిండా గద్దలు. ఎగిరే ఉసుళ్లను కాళ్లతో పట్టుకుని గాల్లోనే తింటున్నాయి. రెక్కలు రాలినవాటిని నేల మీద కోళ్లలా ఏరుకుంటున్నాయి. దిబ్బ మీద చచ్చిన ఎద్దు ఉన్నా అటు చూసేవి లేవు.

ఎనిమిదిన్నరకు విమానం రావాలి. కొండల మీద మబ్బు దిగింది. విమానం అటు తిరిగి ఇటు తిరిగి దారి వెతుక్కుంటూ ఉంది. తొమ్మిదింబావుకు వైర్‌లెస్ కుర్రాడు పాకలోంచి బయటికొచ్చాడు. అప్పుడు మాత్రం ముఖంలో వేళాకోళం లేదు.

"సుబేదారు గారూ, ఆయిలు అయిపోవొస్తన్నాదట. దిగిపోతానంటన్నాడు. తప్పితే ఇంకొక్క సుట్టు తిరగ్గలడంట, అంతే."

దక్షిణాన వాన తెర కనిపిస్తూనే ఉంది. గజపతినగరం మీద పడుతోంది. మా వైపు నడుస్తోంది. అది వస్తే బాట కనిపించదు.

డబ్బా వాయించాం. గద్దలు లేచి చెరువు మీదికి పోయాయి. అన్న గాల్లోకి ఒక గుండు పేల్చాడు. మిగతావీ పోయాయి. బాట నడిమధ్యన ఒక్కటి ఉండిపోయింది. తుపాకీ శబ్దానికి ఒకసారి తల ఎత్తింది. రెండు గెంతులు గెంతి మళ్లీ వంగి తినడం మొదలుపెట్టింది. తుపాకీ అంటే ఏమిటో ఇంకా తెలియని పిట్ట అది.

విమానం చప్పుడు వినిపించింది. కొండల పక్కనుంచి చిన్న చుక్క.

అన్న మోకాలి మీద కూర్చుని గురి పెట్టాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"పేరు సెప్పు సెల్లీ."

దుర్భిణి ఎత్తాను. మట్టిరంగు. తల కొంచెం లేత. అది ముందుకు వంగి ఉంది, తోక నేల మీద పరిచి ఉంది. పరిచిన తోక కొస గుండ్రంగా కనిపించింది.

ఇది చదివే మీకు ఆ క్షణంలో నాకున్న దారులు చెప్పాలి. గద్ద అంటే ఆయన కాలుస్తాడు. విమానం దిగుతుంది. ఆయనకు ఎప్పటికీ తెలియదు. గరుడ పిల్ల అంటే ఆయన కాల్చడు. ఆ పిట్ట విమానం ముందు లేస్తే లోపలి మనిషికి ఏమవుతుందో నేను రాకముందే అక్కడ చూశారు. నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగేంత వ్యవధి లేదు. నాలుక మీదికి ఏది వచ్చిందో అదే అన్నాను.

"గరుడ పిల్ల, అన్నా."

ఆయన తుపాకీ దించేశాడు. దించి నేల మీద పెట్టాడు.

సుబేదారు ఇటు వచ్చాడు. కాల్చమన్నాడు. అన్న కదలలేదు. ఏది చంపితే ఏముంది, లోన మనిషున్నాడు కదరా అన్నాడు సుబేదారు.  ఆయనది తప్పని ఇప్పటికీ అనలేను. ఆయనే తుపాకీ అందుకోవడానికి వంగాడు.

నేను అప్పటికే మంచె దిగాను. ఎర్ర జండా చేతిలో ఉంది. ఆర్డరు లేదు. బాట మీదికి పరిగెత్తాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఇంకో చేత్తో జండా తల మీద అటూ ఇటూ ఊపుతూ పరిగెత్తాను. వెనక నుంచి కేక వినిపించింది. ఇక కాల్చడానికి లేదు, నేను అడ్డంగా ఉన్నాను.

విమానం బాట కొస దాటి లోపలికి వచ్చేసింది. చక్రాలు కనిపిస్తున్నాయి. అప్పుడు ముక్కు పైకెత్తింది. నా మీదుగా పోయింది. గాలికి పడిపోయాను.

లేచి పిట్ట వైపు నడిచాను. విమానం దాని మీదుగా పోయినా కదలని పిట్ట, జండా గుడ్డ తగిలేంత దగ్గరికి వెళితే గాని లేవలేదు. తోక పూర్తిగా విప్పి లేచింది. చెరువు వైపు పోయింది.

విమానం రెండోసారి తిరిగి వచ్చేసరికి మొదటి చినుకులు పడుతున్నాయి. పచ్చ జండా ఊపాను. దిగింది. కొస దాకా పోయి ఆగింది. ఆగిన క్షణానికే వాన తెర బాటను కప్పేసింది. దేవునికి స్తోత్రం అని పైకే అన్నాను. వైర్‌లెస్ కుర్రాడు పాకలో ఏడుస్తున్నాడు.

విమానం నడిపిన అబ్బాయి పాతికేళ్లవాడు. తడిసి పాకలోకి వచ్చాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. అదేం పిట్ట అని ఒక్కటే అడిగాడు. అన్న నా కంటే ముందు జవాబు చెప్పాడు. ఆ అబ్బాయి కళ్లకద్దుకున్నాడు.

మధ్యాహ్నం సుబేదారు నన్ను పిలిపించాడు.

"నీ మాట నిజమే అయ్యుంటాది. మనిషీ దక్కినాడు, పిట్టా దక్కినాది. అయినా ఆర్డరు నేకుండా జండా ఎత్తినావు. నిన్ను ఉంచితే రేపు ఇంకోడు ఎత్తుతాడు. నాకు ఇంకో దారి నేదమ్మా."

నాకు ఆయన మీద కోపం రాలేదు. నమస్కారం పెట్టి, ఇన్నాళ్లూ బాగా చూసుకున్నారని చెప్పాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

పుస్తకం అప్పజెప్పే ముందు గద్ద పేజీ ఇంకోసారి తీశాను. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాటలు అప్పటిదాకా నేను చదవలేదు. తోక పూర్తిగా విప్పినప్పుడు గద్ద తోకలోనూ చీలిక కనిపించదు, కొస సమంగానో గుండ్రంగానో కనిపించవచ్చు. ఆ వాక్యం నిలబడే రెండుసార్లు చదివాను. పిట్టను చూసిన రెండుసార్లూ దాని తోక విప్పే ఉంది.

మర్నాడు బస్సు దాకా అన్న తోడొచ్చాడు. ఆ వాక్యం గురించి ఆయనకు చెప్పాలనుకుని నోరు తెరిచాను. ఆయనే మొదలుపెట్టాడు.

"గద్ద అని సెప్పుంటే కాల్సీసుందును సెల్లీ. నాకేటి తెలుసు. నువ్వు అనలేదు."

ఇక నేనేం చెప్పను? ఆరోగ్యం చూసుకో అన్నా అన్నాను. బస్సు కదిలింది. విజయనగరం వరకు కిటికీలోంచి ఆకాశమే చూశాను. ఇంట్లో నాన్న ఏమీ అడగకుండా నీళ్లు తోడి పెట్టారు.

ఏళ్లు గడిచాయి. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, దేవుడు దేనికీ లోటు చేయలేదు. పెరట్లో బట్టలారేస్తుంటే నెత్తి మీద ఏదైనా రెక్క తిరిగితే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. అది గద్దో గరుడ పిల్లో దేవుడికే తెలుసు. ఆ ప్రశ్నతో బతకడం అలవాటయింది.

అలవాటు కానిది ఒక్కటే. విమానం నా మీదుగా పోయినప్పుడు అద్దం వెనక ఆ అబ్బాయి ముఖం కనిపించింది. ఒక్క క్షణమే. దగ్గరగా, స్పష్టంగా. ఒక్క చుట్టుకే ఆయిలుందని తెలిసిన మనిషి. ముందు వాన, వెనక కొండ. ఖాకీ చీరలో ఎవరో ఆడమనిషి ఎర్ర గుడ్డ ఊపితే విమానాన్ని పైకెత్తేశాడు. ఎందుకు అన్న ప్రశ్న ఆ ముఖంలో లేదు. జండా చూశాడు, తల ఊపాడు, వెళ్లిపోయాడు.