మగ్గం చప్పుడుకు వచ్చే పిట్ట

పక్షులను చూడటానికి పనిగట్టుకుని పోయే మనుషులు ఉంటారని మా పెద్దమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. నగరిలో మా వీధి అంతా మగ్గాలే. మాకు పిట్ట అంటే, గంజి పెట్టి వీధిలో చాచిన పడుగు మీద రెట్ట వేసేది. కనపడితే తోలడమే. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నూలు కండెలు చుట్టడం, పదహారేళ్లకు పెళ్లి, ఈ ఇంట్లో గుంతమగ్గం. ఏదైనా వృథా పోతే నాకు ఒళ్లు మండుతుంది. నా బిడ్డ తెలివి వృథా పోకూడదని నేనే పోరి దాన్ని తిరుపతిలో హాస్టల్లో వేయించాను. డిగ్రీలో జంతువుల చదువు తీసుకుంది.

ఎనభైలు మొదలైన కొత్తలో, ఒక చలికాలం శుక్రవారం బస్సు దిగి ఇంటికి వచ్చింది. మెడలో ఒక తోలు సంచి, అందులో కాలేజీ కెమెరా. వాళ్లకు పాఠం చెప్పే మేడం పులికాట్ సరస్సుకు పది రోజులు పక్షులను చూడటానికి పోతోందట. ఒక్క పిల్లను మాత్రం వెంట తీసుకుపోతుందట. తమ ఊళ్లో పక్షులను ఎవరు బాగా చూసి ఫోటోలు తీసి తెస్తారో వాళ్లనే. మా పిల్ల వంతుకు కెమెరా మంగళవారం దాకా ఉంటుంది. రీలు ఒక్కటే.

"దాంట్లో ఎన్ని ఫోటోలు వస్తాయి?" అన్నాను.

"ముప్పై ఆరు."

"ఒకే కొంగను రెండుసార్లు తియ్యబాక."

మా ఆయన మగ్గం మీంచే అందుకున్నాడు. "పిట్టల్ని సూసేదానికి పులికాట్ దాకా ఎందుకే? మీ మేడాన్ని మన వీదికి రమ్మను. పడుగు కాడ తోలేదానికి మనిసి లేరు."

మా పిల్ల నవ్వలేదు. పోవాలని దానికి ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది నాకు.

శనివారం తెల్లవారగానే చెరువుకు బయలుదేరింది. ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ వెంట పోయాను. ఒక పూట నా నేత ఆగిపోయిందని దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాను. వానలకు చెరువు నిండి ఉంది. కొంగలు, నీటికాకులు, తల ముంచి తోక పైకెత్తే బాతులు. మొదట విసుగే. తర్వాత నలుపూ తెలుపూ కలిసిన ఒక లకుముకిపిట్ట నీళ్ల మీద గాలిలో, ఉన్నచోటే రెక్కలాడిస్తూ నిలబడింది. కిందికే చూస్తోంది. ఉన్నట్టుండి రాయి పడ్డట్టు పడి, చేపతో లేచింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నానని చేప కనపడ్డాకగానీ నాకు తెలియలేదు.

"తీసినావా?" అన్నాను.

"నువ్వు నా చెయ్యి పట్టుకోనుంటే యాడ తీసేది?"

ఆ లకుముకి మళ్లీ లేచేదాకా ఇద్దరమూ గట్టు మీద బోర్లా పడుకున్నాం. ఈసారి తీసింది. ఎండ ఎక్కేసరికి ముప్పై ఆరూ అయిపోయాయి. రీలును చుట్టి, తీసి గుడ్డ సంచిలో వేసుకుంది. వచ్చేటప్పుడు తూము మెట్ల మీద కాలు జారి నడుము లోతు నీళ్లలో పడింది. కెమెరాను పైకెత్తి పట్టుకుని దాన్ని కాపాడింది గానీ గుడ్డ సంచి మునిగింది. ఊళ్లో ఫోటోలు కడిగే స్టూడియో ఆ రోజు మూసి ఉంది. రేపు ఇద్దాంలే అని సంచిని మూలన పెట్టింది.

ఆదివారం పొద్దున అది కొళాయికి పోయినప్పుడు సంచి తీసి చూశాను. రీలు చెమ్మగానే ఉంది. తడిసిన కండెను అలాగే వదిలేస్తే నూలు మక్కుతుంది, రంగు దిగుతుంది. విప్పి గాలికి ఆరేయాలి. ఇది మా ఇళ్లలో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. రీలుకు నాలుక లాగా చివర కొంచెం బయటికి ఉంది. పట్టుకుని లాగితే బారెడు వచ్చింది. మెత్తటి పాత గుడ్డతో అద్ది, పెరట్లో తాడు మీద మంచి ఎండలో ఆరేశాను. వెలుతురుకు పెట్టి చూస్తే ఒక్క కొంగా కనపడలేదు. పిల్లకు తీయడం చేతకాలేదు కాబోలు అనుకున్నాను.

పిల్ల నీళ్లతో వచ్చి, బిందె దించి అక్కడే నిలబడిపోయింది. "అమ్మా, అదేంది?"

"తడిసినాది గదా. నువ్వు పట్టించుకోకుంటే నేనన్నా పట్టించుకోవద్దా?"

"దానికి వెలుతురు తగలకూడదమ్మా."

"ఎండ తగలకుండా తడి ఎట్ట ఆరతాది?"

"తగిలితే బొమ్మలన్నీ పోతాయి. పోయినాయి."

అరవలేదు, ఏడవలేదు. బావి గట్టు మీద కూర్చుని జడ విప్పుకుంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. తప్పయిందని ఒకరితో అనడం నాకు అలవాటు లేదు. మా అత్తతో కూడా ఎన్నడూ అనలేదు. ఆ పట్టీని ఒక ఖాళీ కండెకు శుభ్రంగా చుట్టి, చెప్పులు వేసుకుని స్టూడియోకు పోయాను.

స్టూడియో అబ్బాయి దాన్ని చూసి బల్ల పట్టుకుని నవ్వాడు. "అక్కా, కండెకు సుట్టి తెచ్చినావే. తడిసిందాన్ని తడిగానే నా కాడికి తెచ్చింటే కడిగిచ్చుందును గదా."

"నవ్వింది సాలు. ఇప్పుడు దోవ ఏందో సెప్పు."

పెద్ద రీలు నుంచి కోసుకోగా మిగిలిన ముక్క ఒకటి ఉందనీ, ఎనిమిది ఫోటోలకు సరిపోతుందనీ అన్నాడు. వాళ్ల పాపకు పావడా గుడ్డ నేసిస్తానని చెప్పి తెచ్చుకున్నాను.

"ఎనిమిదితో చెరువులో ఏం తీసేదమ్మా?" అంది మా పిల్ల. "అవి దూరం దూరంగా ఉంటాయి."

"చెరువు దాకా ఎందుకు? మగ్గం కాడ పిట్ట ఉండాది గదా."

చెరువు ధ్యాసలో అది ఇల్లే చూసుకోలేదు. మగ్గం పక్క కిటికీకి కట్టిన తీగకు ఒక తేనెపిట్ట గూడు కట్టి నెల కావస్తోంది. నేను తోలని పిట్ట అదొక్కటే. వత్తులకని నేను దాచిన తుక్కు నూలు ఎత్తుకుపోయిందని మొదట కోపమే వచ్చింది. గూడు తయారయ్యాక చూస్తే, నేను కూడా పనికిరావని ఊడ్చేసిన పొట్టి పోగులను వదలకుండా వాడుకుంది. ఇక దాన్ని ఏమనేది? అప్పటికి లోపల రెండు పిల్లలు నోళ్లు తెరుస్తున్నాయి.

మా పిల్ల కిటికీకి మూడు బారల దూరంలో కదలకుండా కూర్చుంది. మేమూ చప్పుడు చేయలేదు. మా ఆయన దగ్గు వస్తే వీధిలోకి పోయి దగ్గి వచ్చాడు. గంట గడిచింది. పిట్ట మునగచెట్టు మీద కూర్చుని కీచుమంటుందే తప్ప గూటికి రాదు. లోపల పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"కెమెరాకు బెదురుతాందేమో," అంది మా పిల్ల.

రోజంతా నా నెత్తి మీదనే తిరిగే పిట్ట ఈ రోజు ఎందుకు బెదురుతుంది? ఒక్కటే తేడా ఉంది. గుంతలోకి దిగి, కాళ్లు కిందపెట్టి, పిడి లాగాను. పేకనూలు మోసే నాడె ఆ కొస నుంచి ఈ కొసకు టకామని కొట్టుకుంది. పది పోగులు పడేలోపే పిట్ట కిటికీ తీగ మీద ఉంది. పాపం, మగ్గం చప్పుడు లేని ఇల్లు దానికి కొత్త.

దాని వరస నాకు తెలుసు. తీగ మీద వాలి అటూ ఇటూ చూస్తుంది. నాలుగో పోగుకు గూట్లో తల పెడుతుంది. ఐదో పోగుకు వెళ్లిపోతుంది.

"నేను లెక్క సెప్తా, నువ్వు తియ్. ఒకటి, రెండు, మూడు, ఆ."

కెమెరా టిక్కుమంది. నాడె ఆపకుండానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొద్దున్నుంచి అప్పుడే నవ్వింది నా బిడ్డ. ఆ సాయంత్రం నాలుగు, సోమవారం పొద్దున నాలుగు తీసింది. మగపిట్ట పచ్చటి పొట్టతో పురుగు తెచ్చినప్పుడు ఒకటి. రెండు నోళ్లూ తెరిచినప్పుడు ఒకటి. ఒక్కటీ వృథా చేయలేదు. స్టూడియోలో కడిగించి, మంగళవారం తిరుపతికి పట్టుకుపోయింది.

తర్వాతి ఆదివారం మా పిల్లను వెంటబెట్టుకుని మేడం తానే వచ్చింది. మగ్గం చప్పుడుకు పిట్ట రావడం ఏమిటని నమ్మలేదట. ముతక నూలు చీర, నవ్వని ముఖం. నాకు నచ్చింది. చాప మీద కూర్చుని చూసింది. నేను నేశాను, పిట్ట వచ్చింది. ఆపాను, రాలేదు. మళ్లీ నేశాను, వచ్చింది.

"ఈ గూడు ఎప్పుడు మొదలుపెట్టిందో గుర్తుందా?" అని అడిగింది.

"గూట్లోనే ఉండాది గదమ్మా. పైన ఎర్రపోగు సూడు. ఎర్రంచు చీర మగ్గమెక్కిన వారం అది. కింద వాకిలి కాడ పచ్చపోగు. పచ్చంచు దానికి పదిదినాల తర్వాత. ఆ పచ్చది సగం నేసేలోపు పిట్ట లోపలే కూకునింది."

మేడం సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది. రాసి మూసి, మా పిల్ల వైపు తిరిగింది.

"ఫోటోలు బాగున్నాయి. కానీ నేనిచ్చిన రీలు నీళ్లలో పారేసుకున్నానన్నావు. అంత అజాగ్రత్త పిల్లను పులికాట్ నీళ్ల దగ్గరికి ఎలా తీసుకుపోను?"

మా పిల్ల తల వంచుకుంది. నా పేరు ఎత్తలేదు. మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకు నా సంగతి తెలుసు.

నేను నాడె ఆపి గుంతలోంచి లేచాను.

"అది పారేసుకోలేదమ్మా. తడిసింది నిజమే, పాడు చేసింది నేను. కండె అనుకోని విప్పి, ఎండలో ఆరేసినా. తప్పు నాది."

మేడం పుస్తకం పక్కన పెట్టింది. "ఆరేశారా? తాడు మీదా?"

"గుడ్డతో అద్ది మరీ," అన్నాడు మా ఆయన.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత కొంగు కూడా నవ్వును ఆపలేకపోయింది. మా ఆయన అందుకున్నాడు. మామూలుగా అయితే నాకు ఒళ్లు మండేది. ఆ రోజు నాకూ నవ్వే వచ్చింది.

కళ్లు తుడుచుకుని, "పది రోజులు పంపిస్తారా?" అని మా ఆయనను అడిగింది మేడం.

ఆయన నోరు తెరిచేలోపే, మా పిల్ల అటక మీంచి రేకుపెట్టె దించుతున్న చప్పుడు లోపలి నుంచి వినిపించింది.