ఏనుగుల నీళ్లకు మడవ కట్టిన మొనగాడు

అడవికి పోయినవాణ్ణి ఏనుగులు దారి తప్పిస్తాయని అందరూ భయపడతారు. ఇరవై ఏనుగుల్ని ఒక్క తువ్వాలుతో దారి తప్పించి, దాంతోపాటు నలభై ఏళ్ల కాపురాన్ని కూడా దాదాపు దారి తప్పించిన ఘనుణ్ణి నేను. అప్పటికి నాకు అరవై మూడే. కుర్రతనం.

ఉగాది దాటిన వారం. మా బామ్మర్ది ఓబులేసు కొత్తగా కారు కొన్నాడు. అందులో ఎక్కడికి పోదామంటే నా భార్య లక్ష్మమ్మ ఒకటే కోరింది.

"అడివిలో తిరిగే ఏనుగును ఒక్కసారన్నా చూడల్ల. గుడికాడ గొలుసుతో కట్టేసిందాన్ని గాదు."

పెళ్లయిన కొత్తలో చూపిస్తానని మాటిచ్చానట. పెళ్లయిన కొత్తలో మగవాడు ఇవ్వని మాటేముంటుంది చెప్పండి.

రాప్తాడులో బయల్దేరి మైసూరు, గుండ్లుపేట, బండీపూరు దాటి, కొండలెక్కి దిగి మూడు రోజులు తిరిగాం. జింకలు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి, మా బొరుగుల పొట్లం లాక్కుపోయిన కోతి కూడా కనిపించింది. ఏనుగు మాత్రం లద్దె దగ్గరే ఆగిపోయింది. "ఇది నిన్నటిదిరా ఓబులేసూ" అని లక్ష్మమ్మ కారు అద్దంలోంచి ప్రతి లద్దెనూ చూసి నిట్టూర్చేది.

చివరికి అడవి అంచున ఒక చిన్న లాడ్జిలో దిగాం. దాని కాపలాదారు మాదప్ప హిందూపురంలో కొన్నాళ్లు పనిచేసినవాడు, మన మాట వచ్చు.

"సాయంత్రం అయిదుకు ఈ ముందర గుంతకాడికి వస్తాయమ్మా, నీళ్లు తాగేకి. దినామూ వస్తాయి."

లక్ష్మమ్మ పొద్దున పదకొండుకే వరండాలో కుర్చీ వేసుకుంది.

నేను ఊరికే లాడ్జి వెనక్కి వెళ్లాను. అక్కడ ఘోరం జరుగుతోంది. గోడ పక్కన పైపులోంచి మణికట్టు లావున ఊట నీళ్లు. కొళాయి లేదు, మూత లేదు. కాలువలో పడి ఎటో పోతున్నాయి. వెయ్యడుగుల బోరు వేస్తే దుమ్ము లేచే నేల మాది. బీరువా బార్లా తెరిచి ఊరెళ్లిపోయిన ఇంటివాణ్ణి చూసినట్టయింది నాకు. చేనికి తడి చాలగానే కాలువకు మడవ కట్టి నీళ్లు ఆపిన చేతులివి, ఊరుకుంటాయా? తువ్వాలు ఉండ చుట్టి పైపులో దోపి, రాయి బిగించి, పైన బురద మెత్తాను. చుక్క కారలేదు. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయని అడిగే తీరిక లోకోపకారికి ఉండదు కదా.

నాలుగున్నరకు మాదప్ప గుంత దగ్గర తల గోక్కుంటున్నాడు.

"ఏమప్పా ఇది, నీళ్లన్నీ ఇంకిపోయి బురద మిగిలిండాది. ఎన్నడూ ఇట్ల గాలేదే."

"అయితే ఏనుగులు రావా?" లక్ష్మమ్మ కుర్చీలోంచి లేచింది.

"నీళ్లు లేకుంటే ఈడికేంటికి వస్తాయమ్మా?"

ఓబులేసు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం బావా, అంత చెమట పడతాండాది?"

"కడుపులో బాగలేదురా" అని, తువ్వాలు పీకేద్దామని వెనక తలుపు వైపు పరుగెత్తాను.

తలుపు తీస్తే ఎదురుగా ఏనుగు. నాకూ దానికీ మధ్య నాలుగే మెట్లు. ఊట వాసన పట్టి నేరుగా వెనక్కే వచ్చేశాయి మహానుభావులు. పెద్దది తొండంతో బురద తడిమింది, రాయి దొర్లించింది, నా తువ్వాలును మెల్లగా బయటికి లాగి అవతల పారేసింది. నీళ్లు చిమ్మాయి. మందంతా తాగింది. లక్ష్మమ్మను పిలుద్దామని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. దాహమేసినప్పుడు బావి తవ్వేవాడికి సామెత ఉంది గానీ, దాహమేసినవాళ్ల బావి పూడ్చినవాడికి ఇంకా పుట్టలేదు.

నాకు గొంతు వచ్చి, లక్ష్మమ్మ వచ్చేసరికి పొదలు ఊగుతున్నాయి. అంతే.

మాదప్ప తడిగుడ్డ ఎత్తి చూపాడు. "ఇది ఎవురిది?"

"మా బావది" అన్నాడు ఓబులేసు, సాక్ష్యం చెప్పడానికే పుట్టినవాడిలా.

లక్ష్మమ్మ పైపును చూసింది, నన్ను చూసింది. "నువ్వు చూసినావా?"

"చూసినా. ఇరవై ఉండె."

"నిజం చెప్పు."

"నాలుగు. అందులో ఒకటి పిల్ల."

"పిల్ల గూడా ఉండెనా" అంటూ మెట్టు మీద కూలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు తిరుగు ప్రయాణం మానిపించింది. నాలుగు గంటలకే నన్ను గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టింది. అయిదు దాటాక వరండాలోంచి ఆమె నవ్వు వినిపించింది, నలభై ఏళ్లలో నేనెప్పుడూ తెప్పించలేని నవ్వు. ఆమె ఏనుగుల్ని చూసింది. నేను గోడ మీది బల్లిని చూశాను.

ఇకమీదట ఏ కొండలో ఏ నీళ్లు ఎటు పారినా రెండు చేతులూ పంచె జేబుల్లో పెట్టుకుని నిలబడతానని, ఆ అడవి సాక్షిగా లక్ష్మమ్మకు ప్రమాణం చేశాను. పంచెకు జేబులుండవన్న సంగతి ఆమెకు ఇంకా తట్టలేదు.