తీగలున్న స్తంభం

కరెంటు స్తంభం ఎక్కిన ఆడమనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకు లైన్‌మన్ ఉద్యోగం వచ్చిందని మా అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి సరిగా నిద్ర లేదు. సెలక్షన్లో స్తంభం ఎక్కి చూపించాను, నిజమే. కానీ ఆ స్తంభానికి తీగలు లేవు.

మొదటి పని వినుకొండ అవతల, ఒక మిరప చేలో. గాలికి తీగ తెగింది. సప్లై ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. కాయ కోస్తున్న ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

"అమ్మాయిని ఎక్కిస్తారేంటండీ? ఏదన్నా అయితే మా మీదకొస్తుంది" అన్నాడు చేను ఆసామి, మా సీనియర్‌తో.

సగం దాకా ఎక్కాను. కాళ్లు వణుకుతుంటే స్తంభమే ఊగుతోందనుకున్నాను. పైన మిగిలిన తీగలు గాలికి కదులుతున్నాయి, వాటిలో ఇంకా కరెంటు ఉన్నట్టే అనిపించింది. దిగిపోయాను. ఎవరూ నవ్వలేదు. దాంతో ఇంకా భయమేసింది.

ఆ తర్వాత మా ఇంజినీరు ఏఈ గారు నన్ను కొన్నాళ్లు చిలకలూరిపేట వైపు పంపారు. అక్కడ నాకంటే ముందు చేరిన ఒకామె ఉంది. ముస్లింల అమ్మాయి. చున్నీ బిగించి కట్టి, పైన హెల్మెట్ పెట్టుకునేది. ఒక స్పిన్నింగ్ మిల్లు వెనక ఆమె ఎక్కుతుంటే కింద నేను తాడు పట్టుకున్నాను. ఆమె చేతులూ వణికాయి. కళ్లారా చూశాను. కాసేపు ఆగింది, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కింది.

దిగాక అడిగాను. "అక్కా, నీకూ భయమేనా?"

"రోజూ. నాకు ముందు ఆడవాళ్లెవరూ లేరుగా, ఇది నా ఒక్కదానికే ఉందనుకునేదాన్ని. నువ్వట్లా అనుకోమాక. మగాళ్లకీ ఉంటుంది. బయటికి చెప్పరంతే."

ఆ మధ్యాహ్నం పక్క స్తంభం నేనే ఎక్కాను. భయం అట్లానే ఉంది. పైదాకా వెళ్లి, తీగ బిగించి దిగాను.

ఇప్పుడు మా సెక్షన్‌కి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. నిన్న నేను ఎక్కుతుంటే కింద నిలబడి రెప్ప వేయకుండా చూసింది. నేను జారితే ఈ పిల్ల ఇంక స్తంభం ముట్టుకోదు. ఇది ఆడవాళ్ల పని కాదని ఊరంతా అంటుంది. ఆ ఆలోచనకే అరచేతులకు చెమటలు పట్టాయి.

సగంలో ఆగి, "నాకు భయంగా ఉందమ్మాయ్!" అని కేకేశాను.

"నాక్కూడా అక్కా!" అంది కింద నుంచి.

చేతులు ఒక్కొక్కటిగా చొక్కాకి తుడుచుకుని పైకి వెళ్లాను.