ఇంకా రాలేదు

ప్రొఫెసర్ ఎచెగోయెన్ గారు దేన్నీ చెరపరు. మాంటెవిడియో యూనివర్సిటీలో ఆయన పాఠం చెప్పే గదిలో బోర్డు ఉంది గాని డస్టర్ లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, కింద ఒప్పు రాస్తారు. బోర్డు నిండితే గోడ మీదికి వెళ్తారు. గోడలకు సున్నం వేసే వారం ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటారు.

ముప్పై ఏళ్లుగా ఆయన పరిశోధనా ఇదే. ఏదీ తుడిచెయ్యకుండా, మార్పు జరిగినప్పుడల్లా పాతదాని కింద కొత్తది తేదీతో చేర్చుకుపోయే డేటాబేస్.

"మీరు ఇల్లు మారారనుకోండి, పాత చిరునామా అబద్ధమైపోతుందా? అప్పుడు మీరక్కడే ఉన్నారు కదా," అంటారు, చంకలో ఫ్లాస్కూ చేతిలో మాతే అనే ఆకుల టీ తాగే సొరబుర్రా వదలకుండా.

ఇంట్లోనూ అంతే.

"నా వంట బాగుండదన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి," అంది ఒకసారి ఆయన భార్య ఎల్బా.

"తీసెయ్యడం కుదరదే. దాని కింద ఇవాళ్టి తేదీతో 'బాగుంటుంది' అని చేరుస్తాను."

ఆ పూట ఆయనకు అన్నం ఆలస్యమైంది.

ఆఫీసు చూసే నిబియా వీటన్నిటితో సర్దుకుపోయేది. ఆమెకు ఒళ్లు మండేది హాజరు దగ్గర. తరగతిలో ఉండేది పద్నాలుగు మంది. ఆయన చదివేది నలభై ఒక్క పేర్లు. ఎప్పుడో మానేసినవాళ్లను కూడా పిలిచి, కాసేపు తలుపు వంక చూసి, "ఇంకా రాలేదు" అని రాసుకుంటారు.

"పెరెయ్రా బ్రెజిల్ వెళ్లి తొమ్మిదేళ్లయింది ప్రొఫెసర్ గారూ. 'రాలేదు' అని రాస్తే చాలదా?"

"అలా రాస్తే కథ అయిపోయినట్టు కదండీ."

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆరేళ్లుగా పరీక్ష రాయనివాళ్ల పేర్లు నెలాఖరుకల్లా తీసెయ్యాలి. పేరు పోతే మళ్లీ మొదటి ఏడాది నుంచే చదువు. నిబియా జాబితా చూసింది. అందులో రొసాలియా తెచేరా పేరుంది. ఒక్క పరీక్ష మిగిలి ఉండగా తల్లి మంచాన పడితే చదువు మానేసి, ఎనిమిదేళ్లుగా గేటు ముందు తోర్తా ఫ్రీతాలనే పిండి రొట్టెలు నూనెలో వేయించి అమ్ముకుంటున్న పిల్ల.

"అమ్మ లేచి తిరుగుతోందిగా. ఆ ఒక్కటీ రాసెయ్యరాదూ?" అంది నిబియా, గేటు దగ్గర ఆగి.

"నా పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటార్లే అక్కా."

కొట్టెయ్యమన్న కాగితం నిబియా సంచిలోనే ఉంది.

ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని ఆమె నిబంధనల పుస్తకం తిరగేసింది. పదిహేడో నిబంధన దగ్గర చేయి ఆగింది. ప్రతి టర్మ్‌లోనూ గురువు హాజరుకు పిలుస్తున్న విద్యార్థి పేరు తీసివేయరాదు. దాని కింద పెన్సిల్ గీత, పక్కన తేదీ. రొసాలియా మానేసిన వారం అది.

పుస్తకం పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్లింది.

"ఈ నిబంధన మీకు తెలుసా?"

"అలాంటిదొకటి ఉందా?" ఆయన మాతే పీలుస్తూ కిటికీ వంక చూశారు.

"తేదీ మీ చేతిరాతే."

"కనిపించిన చోటల్లా తేదీ వెయ్యడం నాకలవాటు కదండీ."

గురువారం వాన పట్టుకుంది. వాన పడితే ఊరందరికీ తోర్తాల మీదికి మనసు పోతుంది. గేటు దగ్గర గొడుగులు వరస కట్టాయి. నిబియా వెళ్లి రొసాలియా చేతిలోంచి చిల్లుల గరిటె లాక్కుంది.

"లోపలికి వెళ్లు. హాజరు పిలుస్తున్నాడు."

"వానరోజు బేరం పోతుందక్కా."

"బేరం నేను చూస్తాగా. నీ పేరు పోలేదు, ఆయన నిన్ను ఎనిమిదేళ్లుగా పిలుస్తున్నాడే."

గదిలో జరిగింది తర్వాత విద్యార్థులు చెప్పారు. "తెచేరా, రొసాలియా" అని ఆయన తలుపు వంక చూశారట. పిండి చేతులతో ఆ పిల్ల అక్కడ నిలబడి, "వచ్చాను సార్" అందట.

"ఆలస్యమెందుకయింది?"

"వాన సార్."

ఆయన తలూపి, "ఇంకా రాలేదు" మీద ఒక్క గీత కొట్టి, తేదీ వేసి, తర్వాతి పేరు పిలిచారు. ఆ తేదీ వెయ్యడానికి మాత్రం కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నారట.

గేటు దగ్గర నిబియా చేతిలో రెండు తోర్తాలు మాడిపోయాయి. పారెయ్యబోయింది గాని ఎందుకో చేయి రాలేదు. తీసి పక్కన పెట్టింది. తేదీ మాత్రం వెయ్యలేదు.